నానో గింజలకు సమన్యాయం

ఆకు రసంతో, రవ్వంత కాలుష్యం లేకుండా తయారైన నానో కణాలు తాకిన ప్రతి గింజా మూడు రోజుల్లో మొలకెత్తి తీరుతుందని వ్యవసాయ మంత్రిగారు ప్రకటించారు. ఆ కబురు గింజలకు చేరవేసే భాగ్యం మా విత్తన పరీక్షా కేంద్రానికి దక్కింది. అక్కడ మొలకలు లెక్కపెట్టే ఉద్యోగం నాది.

మా సైంటిస్టు మేడమ్ పది గాజు పళ్లేల్లోని గింజలకు నానో ద్రావణం పోసింది. ఇంకో పదింటికి ఉత్త నీళ్లు పోసింది. సరిగ్గా అప్పుడే మంత్రిగారు తనిఖీకి విచ్చేశారు.

“వీటికి నీళ్లేమిటమ్మా?”

“పోల్చి చూడ్డానికండీ.”

మంత్రిగారి కళ్లు చెమర్చాయి. “నా హయాంలో గింజకీ గింజకీ మధ్య వివక్షా? ఇవేం పాపం చేశాయి?”

“పోల్చకపోతే మందు పనిచేసిందో లేదో ఎలా తెలుస్తుంది సార్?”

“పనిచేస్తుందని నేను ప్రకటించానుగా!”

అంతటి విశాల హృదయం నేనెక్కడా చూడలేదు. మా డైరెక్టర్‌గారు పరుగున వెళ్లి, అంతసేపు నష్టపోయాయి కదా అని, నీళ్ల పళ్లేలకు రెట్టింపు ద్రావణం పోశారు.

మూడో రోజు లెక్క చిటికెలో అయిపోయింది. ఇరవై పళ్లేల్లోనూ సున్నా.

“ఈ మందు గింజల్ని చంపేస్తోంది సార్,” అంది మేడమ్. “రైతులకు పంపకండి, మీకు దండం పెడతాను.”

“ఒక్క పళ్లెమైనా వెనకబడిందా?” అన్నారు డైరెక్టర్‌గారు.

“లేదండీ, అన్నీ ఒకేలా...”

“ఇంకేం! సంపూర్ణ సమానత్వం అని రాయండి.”

రిపోర్టు చూసి మంత్రిగారు ఎగిరి గంతేశారు. గోదాములోని గింజలన్నిటికీ నానో స్నానం చేయించి ఆ వారమే పంచేయమన్నారు. పంపిణీ రోజున మా బావమరిది కూడా క్యూలో నిలబడి రెండు బస్తాలు తీసుకున్నాడు. వాడికున్నది ఒక్క చెక్క పొలం. ఈ పంట పోతే ఏడాదంతా పస్తే.

“బావా, రేపే చల్లేస్తున్నా. మొలుస్తాయిగా?”

నేను నోరు విప్పేలోపు మంత్రిగారి డ్రైవర్ ట్రాక్టర్ తెచ్చి, డైరెక్టర్‌గారికి ఒక చీటీ ఇచ్చాడు. ‘మా పొలానికి ఇరవై బస్తాలు. నానో లేనివి.’

పరీక్షలకని విడిగా ఉంచడంతో స్నానం తప్పిన బస్తాలు మా కేంద్రం వెనకగదిలో సరిగ్గా ఇరవయ్యే ఉన్నాయి. అన్నీ ట్రాక్టర్ ఎక్కాయి. మందంతా జనానికే వదిలేసి, తాను ఉత్త గింజలతో సరిపెట్టుకుంటున్న ఆ త్యాగానికి రెండు చేతులూ జోడించాను.

“చెప్పవేం బావా? మొలుస్తాయా?”

“ఆ రెండు బస్తాలూ ట్రాక్టర్ దగ్గరికి పట్టుకురారా,” అన్నాను. “డ్రైవర్ టీకి వెళ్లాడు.”