తినేసిన ఎద్దు

ఆ ఉదయం ఆకాశం సరిగ్గా పిండకుండా ఆరేసిన దుప్పటిలా వేలాడుతోంది. వాన పడదు, ఎండ రాదు. అడవి బాతులు అరుచుకుంటూ దక్షిణానికి పోతున్నాయి. బాతులు తొందరపడితే మంచు దగ్గరపడినట్టేనని ఒహాయో నది ఒడ్డున హార్లో కోటలో అందరికీ తెలుసు.

కోట సరుకులు చూసుకునే లెఫ్టినెంటు జోథాం వాడ్లో ముందు ఆకాశం కేసి చూశాడు. తర్వాత కట్టెల కుప్ప కేసి చూశాడు. చివరికి జడ్జి కేసి చూసి నిట్టూర్చాడు.

జడ్జి అంటే ఎర్రటి ఎద్దు. ఏ పని చెప్పినా కాసేపు ఆలోచించుకుని గానీ కదలదు కనక సిపాయిలు ఆ పేరు పెట్టారు. కదిలిందంటే మాత్రం ఆరుగురు మోయలేని దుంగను గొలుసు కట్టి ఒక్కటే ఈడ్చుకొస్తుంది. నరికి నరికి అడవి కోటకు మైలు దూరం జరిగిపోయింది. కిందటి చలికాలం జడ్జి లేదు. దుంగలు భుజాల మీద మోసి సగం మంది నడుములు పోగొట్టుకున్నారు. మోయని సగం చలికి మంచమెక్కారు.

చిక్కల్లా ఏమిటంటే, ప్రభుత్వ లెక్కల్లో జడ్జి బతికి లేదు.

పనికి ఒక ఎద్దు కావాలని వాడ్లో రెండేళ్లుగా రాజధానికి అర్జీలు పెడుతున్నాడు. ఎందుకో వివరంగా రాయమని ఒకసారి జవాబొచ్చింది. వివరంగా రాస్తే, ఇంత పొడుగు రాయొద్దని ఇంకోసారి వచ్చింది. తినే ఎద్దులు మాత్రం అడగకుండానే వస్తాయి. వాటిని రేషన్ కాంట్రాక్టరు తోలిస్తాడు. కిందటి వసంతంలో అలా వచ్చిన మందలో జడ్జి ఉంది. దాని మెడబలం చూసి సిపాయిలు ఎత్తిన కత్తి దించారు. ఆ వారమంతా ఉడతలూ చేపలూ తిని సరిపెట్టుకున్నారు. జడ్జిని తిన్నామని రాసి వాడ్లో సంతకం పెట్టాడు.

ఇప్పుడు మేజరు లాథ్రప్ తనిఖీకి వస్తున్నాడు. ఆయన కంట పడితే ఎద్దూ పోతుంది, ఉద్యోగమూ పోతుంది.

"మేజరు మధ్యాహ్నానికి పడవ దిగుతాడు," అన్నాడు వాడ్లో, సార్జెంటు టల్లీతో. "నువ్వు దీన్ని కొండ అవతలికి తోలుకుపో. ఆయన వెళ్లేదాకా అక్కడే ఉండు."

"ఆయన నాల్రోజులుంటే?"

"నువ్వూ నాల్రోజులుండు."

"మరి నా తిండండీ?"

"జడ్జి ఏం తింటే అది తిను. పో."

టల్లీ పోయాడు. మేజరు మాత్రం పడవలో రాలేదు. నదిలో నీళ్లు తగ్గి పడవ ఇసుకలో కూరుకుపోతే, గుర్రమెక్కి కొండదారిన వచ్చాడు. ఆ దారి ఇరుకు. ఎదురెదురుగా మేజరూ ఎద్దూ వస్తే ఎవరో ఒకరు తప్పుకోవాలి. జడ్జి ఆలోచిస్తూ నిలబడింది.

"ఎవరిదయ్యా ఈ ఎద్దు?" అన్నాడు మేజరు.

టల్లీకి యుద్ధంలో భయం లేదు గానీ ప్రశ్నలంటే భయం. నోటికి మొదట వచ్చిన పేరు చెప్పేశాడు. "మా బట్టలుతికే కెజయాగారిదండి. భర్త పోయారు పాపం."

మేజరు దయగల మనిషి. అదే కొంప ముంచింది. "అయ్యో పాపం. నాతో తోలుకురా, నేనే ఆవిడకి అప్పజెబుతాను," అన్నాడు.

కోట తలుపు తీసేసరికి వాడ్లోకి ముందు మేజరు కనపడ్డాడు, ఆయన వెనక ఎద్దు, ఎద్దు వెనక తల దించుకున్న టల్లీ.

"జడ్జి కెజయాగారిదండి," అన్నాడు టల్లీ గొంతు తగ్గించి.

"ఎప్పట్నుంచి?"

"అరగంటైంది."

మేజరు బూట్ల దుమ్ము దులుపుకునేలోగా వాడ్లో కాగుల దగ్గరికి పరుగెత్తాడు. కెజయా కర్రతో బట్టలు తిప్పుతోంది.

"కెజయా, ఈ పూటకి జడ్జి నీది."

"నాకెందుకు బాబూ? ఉన్న గడ్డి నా మేకకే చాలట్లేదు."

"నాది అను, చాలు. ఇంకొక్క ముక్క మాట్లాడకు."

"అంటే అబద్ధమాడమంటావు, దేశం కోసం."

"దేశం సంగతి దేవుడెరుగు. కట్టెల కోసం. కట్టెల్లేకపోతే నీ కాగు కింద మంటెక్కడిది?"

"ఆ మాట ముందు చెప్పొద్దూ," అని చేతులు తుడుచుకుంది కెజయా.

మేజరు ఆవిడను చూసి టోపీ తీశాడు. ఎద్దు మీదేనా అంటే నాదేనంది. ఆయన జడ్జి మెడ తడిమి, "ఈ రాపిడేమిటి? కోట పనికి వాడుతున్నారా?" అన్నాడు. ఇంకొక్క ముక్క మాట్లాడొద్దన్నారు కనక ఆవిడ తల ఊపింది. "అద్దె ఇస్తున్నారా?" అన్నాడు. ఈసారి అడ్డంగా ఊపింది.

మేజరు ముఖం జడ్జి రంగుకు తిరిగింది. "భర్త పోయిన మనిషి ఎద్దును ఊరికే వాడుకుంటారటయ్యా? వాడుకున్నన్నాళ్లకీ అద్దె కట్టు. సర్కారు సొమ్ము కాదు, నీ జేబులోంచి."

"జీతం వచ్చి ఏడు నెలలైందండి," అన్నాడు వాడ్లో.

"వచ్చాక ఇద్దువుగాని. అప్పటిదాకా నీ గడియారం ఆవిడ దగ్గర పెట్టు."

సొంత ఎద్దుకు అద్దె కింద, తన తండ్రి ఇచ్చిన గడియారాన్ని వాడ్లో తీసిచ్చాడు. కెజయా దాన్ని చెవి దగ్గర పెట్టుకుని, "బానే నడుస్తోంది బాబూ," అంది ఓదార్పుగా.

కోపం వచ్చిన మేజరు సరుకుల కొట్టు తెరిపించాడు. మాంసం పీపాలు తడితే ఖాళీగా మోగాయి. కాంట్రాక్టరు తరఫు మనిషి ఓబెద్ క్రల్‌ను పిలిపించాడు.

"మంద దారిలో ఉందండి," అన్నాడు క్రల్.

"ఎంతకాలంగా?"

"బయల్దేరినప్పట్నుంచీ దారిలోనే ఉందండి."

"పొద్దు గూకేలోగా సిపాయిల ముందు మాంసం ఉండాలి. లేకపోతే మీ కాంట్రాక్టు ఊడబీకే ఉత్తరం నేనే రాస్తాను."

క్రల్ నాలుగు దిక్కులా చూశాడు. నాలుగు దిక్కుల్లోనూ ఎద్దు అనదగ్గది ఒక్కటే ఉంది. నెమరేస్తోంది.

"అమ్మగారూ, పది డాలర్లిస్తాను."

"పదా?" అన్నాడు మేజరు. "దిక్కులేని మనిషని దోచుకుంటావా? ఇరవై ఇవ్వు."

మేజరు వెనక నిలబడి వాడ్లో వద్దు వద్దని చేతులు ఊపుతున్నాడు. కెజయా గొంతు సవరించుకుంది. "దాన్ని అమ్మనండి. బిడ్డలా అలవాటైంది."

మేజరు కళ్లు చెమ్మగిల్లాయి. "తెలుసమ్మా. కానీ చలికాలం ముంచుకొస్తోంది, మీ కడుపు సంగతి చూసుకోవాలి. ఇరవై అయిదు. లెక్కపెట్టవయ్యా."

కెజయా నోరు తెరిచేలోగా డబ్బు చేతిలో పడింది. ఆయన దయ అంత చురుకైనది.

వాడ్లోకి ఇక ఒక్క దారే మిగిలింది. మాంసం మంచిది కాకపోతే వద్దనే హక్కు అతనికుంది. "ఇది ముసలిదండి. తినడానికి పనికిరాదు," అన్నాడు.

మేజరు జడ్జి డొక్క మీద చరిచాడు. "నీకంటే గట్టిగా ఉంది."

వాడ్లో ఆయన్ని పక్కకు తీసుకెళ్లాడు. ఉద్యోగం పోతే పోయింది, ఎద్దైనా మిగులుతుందనుకున్నాడు. "నిజం చెబుతున్నానండి. ఆ ఎద్దును మేం వసంతంలోనే తినేశాం."

మేజరు అతని కేసి చూశాడు. ఎద్దు కేసి చూశాడు. అది తోక ఆడించింది. ఆయన మెల్లగా వాడ్లో నుదుటి మీద చెయ్యి వేశాడు. "ఎన్నాళ్లైంది నాయనా, నువ్వు సరిగ్గా తిని?" అని, క్రల్ వైపు తిరిగి, "ఆకలికి మతులు పోతున్నాయి ఇక్కడ. త్వరగా కానివ్వు," అన్నాడు.

టల్లీ కత్తి పట్టనన్నాడు. క్రల్ మనిషే పట్టాడు. గోడ వెనక్కి తోలుకుపోతుంటే మలుపు దగ్గర జడ్జి ఆగి ఆలోచించింది. చూస్తున్న సిపాయిలెవరూ దాన్ని అదిలించలేదు. కాసేపటికి తనంతట తానే కదిలింది.

చీకటి పడేవేళ సన్నగా మంచు మొదలైంది. అందరూ పొడుగు బల్లల దగ్గర కూర్చున్నారు. మేజరు కెజయాను తన కుడివైపు కూర్చోబెట్టుకుని, మొదటి ముక్క ఆవిడకే వేయించాడు. ఆవిడ దాన్ని పళ్లెంలో అటూ ఇటూ జరుపుతూ ఉండిపోయింది. ప్రార్థన అయ్యాక ఆయన కిటికీలోంచి కట్టెల కుప్ప చూసి, "మీకు పనికి ఒక ఎద్దుండాలయ్యా. రాజధానికి అర్జీ పెట్టుకోకపోయారా?" అన్నాడు.

వాడ్లో ఉప్పు అడిగాడు. టల్లీ అందించాడు. ఆ తర్వాత గదిలో మంట చిటపటలు తప్ప ఇంకో శబ్దం లేదు. సిపాయిల క్రమశిక్షణకు మేజరు ముచ్చటపడ్డాడు గానీ, నిజానికి దుంగలు ఈడ్చి గట్టిపడిన ఆ మాంసం నములుతూ మాట్లాడటం ఎవరి తరమూ కాదు.