ఎండుచేపకు కంబోడియా పౌరసత్వం

మధురవాడలోని సాగరదృశ్య రెసిడెన్సీలో ఇకపై ఎవరూ ఎండుచేపలు వండరాదని నివాసుల సంఘం ఏకగ్రీవంగా తీర్మానించిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. బాల్కనీలోంచి సముద్రం కనిపించాలి, సముద్రపు గాలి రావాలి. సముద్రంలోంచి వచ్చిన సరుకు వాసన మాత్రం రాకూడదు. ఇంత సున్నితమైన ఏర్పాటును అమలుచేసే బాధ్యత కార్యదర్శి ఉమాశంకర్‌ది.

ఉమాశంకర్ పెరిగింది కూర్మన్నపాలెంలో, ఉక్కు ఫ్యాక్టరీ ఉద్యోగి ఇంట్లో. ఎండు నెత్తళ్ళ ఇగురు తినే అంత పొడుగయ్యాడు. కానీ మధురవాడలో ఫ్లాటు కొన్న మనిషికి గతం ఉండటం శోభించదు. ఒక ఆదివారం తల్లి వరహాలమ్మ ఊరి నుంచి తెప్పించుకున్న నెత్తళ్ళను మూకుట్లో వేయబోతే స్టవ్ ఆర్పించి, కిటికీలు మూయించి, అగరొత్తులు వెలిగించి, మెట్ల మీద ఎవరైనా ముక్కు మూసుకున్నారేమోనని స్వయంగా తనిఖీ చేసి వచ్చాడు. సంఘం ఎన్నికలు దగ్గరపడ్డాయి. కార్యదర్శి కొంపలోంచే కంపు కొట్టిందంటే పదవి పోతుంది, దానితోపాటు లిఫ్టులో నమస్కారాలూ పోతాయి.

"నాను కళ్ళు మూసేలోగా ఓపాలి నెత్తళ్ళు తిననివ్వవేట్రా?" అని అడిగింది వరహాలమ్మ.

ఆ విన్నపం పరిశీలనలో ఉంచబడింది.

ఇంతలో సంఘం అధ్యక్షులు శ్రీరామ్మూర్తిగారు బీచ్ రోడ్డులో కొత్తగా తెరిచిన కంబోడియా హోటల్‌కు సకుటుంబంగా వెళ్ళి, ఫొటోలు వాట్సాప్ గ్రూపులో పెట్టారు. వచ్చే ఆదివారం మళ్ళీ వెళ్తున్నామని కూడా ప్రకటించారు. ఇక ఉమాశంకర్ ఆగలేదు. భార్య చంద్రికను, తల్లిని వెంటబెట్టుకుని వెళ్ళి ఆయన పక్క టేబులే సంపాదించాడు. కంబోడియా ఎక్కడుందని దారిలో ఎవరూ అడగలేదు. అది తెలియనివాళ్ళే కదా అడిగేది.

నల్లచొక్కా సర్వరు ఒక గిన్నె తెచ్చి పెట్టాడు. దాని పేరు ప్రహోక్ అనీ, చేపను ఉప్పులో వేసి నెలల తరబడి మాగబెడతారనీ, అది ఆ దేశపు ఆత్మ అనీ చెప్పి మూత తీశాడు. ఆత్మ హాలంతా పరుచుకుంది.

"ఒరే ఉమా! ఇది ఎండు సేపల వాసన గాదేట్రా?" వరహాలమ్మ ముఖం వెలిగిపోయింది.

ఉమాశంకర్ పక్క టేబులు వైపు చూసి గొంతు తగ్గించాడు. "అమ్మా, మెల్లిగా! వాసన అనకు. అరోమా."

అప్పటికే శ్రీరామ్మూర్తిగారు లేచి నిలబడ్డారు. కళ్ళు మూసుకుని గుండెలనిండా పీల్చి, చెంచా ఎత్తి ప్రసంగించారు. "మిత్రులారా! ఒక జాతి సంస్కారం దాని వంటింట్లో తెలుస్తుంది. ముక్కు మూసుకునేవాడికి ప్రపంచం ఎప్పటికీ అర్థం కాదు. ఇటువంటి మహత్తర రుచులను ఆదరించడం విద్యావంతులుగా మన కర్తవ్యం!"

హాలంతా చప్పట్లు. వరహాలమ్మ మాత్రం కొట్టలేదు, ఆమె కుడిచెయ్యి ఖాళీగా లేదు. "కాసింత సింతపండు పడితే ఇంకా బాగున్ను," అంది అన్నం కలుపుకుంటూ.

ఆ వారంలోనే సంఘం సమావేశమైంది. అధ్యక్షులు ప్రతిపాదించగా, కార్యదర్శి బలపరచగా, విదేశీ వంటకాలను ఇళ్ళలో వండుకోవడానికి అనుమతి లభించింది. ఎండుచేపలపై నిషేధం యథాతథంగా కొనసాగుతుంది.

తర్వాతి ఆదివారం ఉమాశంకర్ స్నానంలో ఉండగా వరహాలమ్మ స్టవ్ వెలిగించి, దాచుకున్న నెత్తళ్ళు మూకుట్లో వేసింది. అతను తువ్వాలుతో పరుగెత్తుకొచ్చేసరికి గుమ్మంలో శ్రీరామ్మూర్తిగారు నిలబడి ఉన్నారు.

"ఏమిటండీ ఈ వాసన?"

ఉమాశంకర్ తువ్వాలు బిగించుకున్నాడు. పదవి కళ్ళముందే మెట్లు దిగిపోతోంది.

"కంబోడియా, బాబూ," అంది వరహాలమ్మ గరిటె తిప్పుతూ.

శ్రీరామ్మూర్తిగారి ముఖంలో భక్తి తొణికిసలాడింది. "అదీ! హోటల్లో కూడా ఇంత అసలైన అరోమా లేదు," అని చెప్పి, చిన్న గిన్నెలో కాస్త పెట్టించుకుని వెళ్ళారు. ఉమాశంకర్ తల్లి పక్కన చతికిలబడి, తువ్వాలుతోనే, కంబోడియా మీది గౌరవంతో రెండుసార్లు మారు వడ్డించుకున్నాడు. ఎన్నికల్లో అతనికి పోటీ కూడా లేకపోయింది.

ఇప్పుడు ఆదివారమొస్తే సాగరదృశ్యలో అన్ని అంతస్తుల్లోనూ కంబోడియా ఘుమఘుమలాడుతోంది. ఎండుచేపలు తినే ఇల్లు మాత్రం ఒక్కటి కూడా లేదు. మీ ఇంట్లోనూ తినరని మాకు తెలుసు.