చొక్కా జేబులో పాదరసం

పది గంటల విమానం అందుకుంటే, కూతుర్ని కాన్పు కోసం ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్లే వేళకు ఆసుపత్రి చేరుకోవచ్చు. ఆ ఉదయం దంపతుల ఆలోచన అంతే. నర్సుగా రిటైరైన భార్య పెద్ద పెట్టె సర్ది, చీరల మడతల్లో పాదరసం థర్మామీటరును దాని స్టీలు గొట్టంతో సహా దూర్చింది.

"అమ్మాయి దగ్గర కొత్తది ఉందిగా," అన్నాడు భర్త.

"ఆ కుయ్యిమనేదాన్ని నేను నమ్మనండీ. పసిబిడ్డ జ్వరం దీనికే తెలుస్తుంది."

భర్త సీసాల కర్మాగారంలో ముప్పై ఏళ్లు నాణ్యత చూసినవాడు. మొదటి లోపం కంటబడగానే సీసాను పక్కన పెట్టడం, మిగతాది చూడకపోవడం ఆ పనిలో నియమం. విమాన సంస్థ నిబంధనలనూ ఆయన అలాగే చదివాడు. పాదరసం ఉన్న పరికరాలకు అనుమతి లేదన్న వాక్యం దగ్గర ఆగి, కాగితం మడిచేశాడు. ఆమె స్నానానికి వెళ్లగానే గొట్టం బయటికి తీశాడు. బీరువాలో పెట్టబోతుండగా స్నానాల గది గడియ చప్పుడైంది. గొట్టం చొక్కా జేబులోకి జారింది.

ఆమె ఆఖరిసారిగా పెట్టె తడిమి చూసుకుంది.

"ఇక్కడే పెట్టాను. మీరేమైనా తీశారా?"

"నేనెందుకు తీస్తాను? నువ్వే మర్చిపోయుంటావు."

ఆ ఒక్క మాటతో ఇల్లంతా తలకిందులైంది. దిండ్లు, సొరుగులు, మందుల డబ్బా అన్నీ వెతికారు. ఇద్దరిలో ఎక్కువ శ్రద్ధగా వెతికింది ఆయనే. మంచం కిందికి కూడా దూరాడు. అరగంట పోయింది, గొట్టాన్ని జేబులోంచి తీసే సందు మాత్రం ఆయనకు దొరకలేదు.

విమానాశ్రయంలో పెద్ద పెట్టె అప్పగించి తనిఖీకి వెళ్లేసరికి ఆయన దగ్గర యంత్రం కూత పెట్టింది.

"జేబులో ఏముంది సార్?" అన్నాడు అధికారి.

"పెన్ను."

ఆ పెన్ను మూత విప్పించారు. వెనక నిలబడిన భార్య తొంగి చూసింది.

"పెన్ను బాగుందండీ. మంచం కింద దొరికిందా?"

"ఇది పెద్ద పెట్టెలో, గొట్టంలోనే ఉంచుంటే పోనిచ్చేవాళ్లం సార్," అన్నాడు అధికారి. "నిబంధనల్లో అనుమతి లేదన్న దాని కింది వాక్యంలోనే ఉంటుంది. చేతిలో మాత్రం కుదరదు."

ఆఖరి పిలుపు వినిపించింది. తప్పు జరగకూడదన్న భయం మనిషి చేత ఎన్ని తప్పులు చేయిస్తుందో ఆయనకు వరుసగా కనిపించింది.

"నువ్వెళ్లు. నేను దీన్ని వేరే పెట్టెలో వేసి అప్పగించి సాయంత్రం విమానానికి వస్తాను," అన్నాడు నెమ్మదిగా.

ఆమె గొట్టాన్ని ఒక్క క్షణం చూసి, అధికారి బల్ల మీద పెట్టేసింది. చెమట పట్టిన ఆయన నుదుటి మీద అరచేయి ఆనించింది.

"జ్వరమేం లేదు. నడవండి, అమ్మాయి ఎదురుచూస్తుంటుంది."

"మరి బిడ్డకి ఎలా చూస్తావు?"

"ఇప్పుడు మీకు చూసినట్టే."

ఆ చేతిని తనిఖీలో ఎవరూ ఆపలేదు.