ఎంటర్ నొక్కినవారిదే కోడ్

మన సంఘం అధ్యక్షుల వారు ఆ మధ్య ఒక ఆదివారం ఉదయం, కప్పులో కాఫీ చల్లారేలోగా, ఏళ్ళ తరబడి ఎందరో కూర్చుని రాసిన కోడ్ మొత్తాన్ని స్వహస్తాలతో రాసి ముగించారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. ఇందులో ఆశ్చర్యపోవలసింది ఏమీ లేదు. గొప్పవారి పనులు ఆ వేగంతోనే జరుగుతాయి.

తెలియనివారి కోసం రెండు మాటలు. సంఘం తయారుచేసే ప్రోగ్రాము పేరు ‘గొంతు’. కంప్యూటరు తెర మీది అక్షరాలను అది చదివి వినిపిస్తుంది. చూపు లేనివారు దాని సాయంతో ఉత్తరాలు చదువుకుంటారు, బిల్లులు కట్టుకుంటారు, పిల్లల మార్కులు విని తిట్టుకుంటారు. ఇది ఓపెన్ సోర్స్. అంటే కోడ్‌ను ఎవరైనా చూడవచ్చు, ఎవరైనా బాగుచేయవచ్చు, ఎవరికీ పైసా రాదు. పైసా రాదు గనుక పేరు వస్తుంది. కోడ్‌లో ఏ వాక్యం ఎవరు రాశారో వారి పేరు ఆ వాక్యం పక్కనే కలకాలం నిలిచి ఉంటుంది. కలకాలం అంటే సర్వరు మారేదాకా.

కోడ్‌ను దాచి ఉంచే పాత సర్వరు ఒక కళాశాల వెనక గదిలో, కాళ్ళు విరిగిన కుర్చీల మధ్య ఉండేది. కుర్చీలకు చోటు చాలడం లేదని కళాశాలవారు సర్వరును ఖాళీ చేయమన్నారు. కోడ్‌ను కొత్త చోటికి తరలించే పని అక్కయ్య మీద పడింది. ఆమె ఎవరికీ సొంత అక్క కాదు. అందరి తప్పులూ విసుక్కోకుండా దిద్దుతుంది గనుక సంఘంలో అందరికీ అక్కయ్య అయింది. మామగారికి పక్షవాతం వస్తే ఉద్యోగం మానేసి, ఆయన మంచం పక్కన స్టూలు మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, ఒక మందుకూ ఇంకో మందుకూ మధ్య ‘గొంతు’లో సగానికి పైగా రాసింది. మొదటి శ్రోత ఆ మామగారే. ‘ళ’ సరిగ్గా పలికిన రోజున ఆయన, ఆడుతున్న ఆ ఒక్క చేతినీ ఎత్తి చూపించారట. ఆ తర్వాత కొన్నాళ్ళకు వెళ్ళిపోయారు. అక్కయ్య మళ్ళీ ఉద్యోగం వెతుక్కోవడం మొదలుపెట్టింది.

ఒక కంపెనీవారు కోడ్ రాసే ఉద్యోగానికి ఇంటర్వ్యూకు పిలిచారు. ‘సర్టిఫికెట్లు అక్కర్లేదు, ఇన్నేళ్ళూ ఖాళీగా ఎందుకున్నారని అడగం, మీరు చేసిన పని కనిపించే పేజీ ఉంటే చాలు’ అన్నారు. లోకంలో ఇంత మంచివాళ్ళు ఉన్నారా అని అక్కయ్య పొంగిపోయింది. ఆమెకున్నది ఆ పేజీ ఒక్కటే.

తరలింపు ఏర్పాట్లన్నీ పూర్తయ్యాక, చివర్లో ఒక్కసారి ఎంటర్ నొక్కడం మిగిలింది. ఆ సంగతి తెలిసిన అధ్యక్షుల వారు అది ప్రారంభోత్సవమని గుర్తించారు. కీబోర్డుకు ఎర్ర రిబ్బను కట్టించారు.

“సార్, పాత పేర్లకీ కొత్త సర్వర్లో ఖాతాలకీ ఇంకా జత కుదర్చలేదండీ. బుధవారం దాకా ఆగితే అయిపోతుంది,” అంది అక్కయ్య.

“బుధవారం ఫోటోగ్రాఫర్ దొరకడమ్మా,” అన్నారు అధ్యక్షుల వారు.

ఆయన రిబ్బను కత్తిరించి, కెమెరా వైపు చూస్తూ, చూపుడు వేలితో ఎంటర్ నొక్కారు. మొదటి ఫోటోలో కళ్ళు మూసుకుపోయాయని రెండోసారి కూడా నొక్కారు. అందరమూ చప్పట్లు కొట్టాము.

కొత్త సర్వరుకు ఒక మర్యాద ఉంది. పాత పనికి సంబంధించిన మనిషి ఖాతా తన దగ్గర దొరక్కపోతే, ఆ పనిని అనాథగా వదిలేయదు. తరలించినవారి పేరున రాసేస్తుంది. ఏ పాత పేరుకు ఏ ఖాతానో దానికి చెప్పనే లేదు గనుక ఏ ఒక్కరూ దొరకలేదు. అన్నిటికీ అధ్యక్షుల వారే తండ్రి అయ్యారు. ఆయన వేరే ఊళ్ళో సబ్బుల ఏజెన్సీ చూసుకుంటున్న కాలంలోనే ‘గొంతు’కు పునాది వేశారని తేలింది. అపెండిక్స్ తీయించుకోవడానికి ఆపరేషన్ బల్ల మీద మత్తులో ఉన్న పూట కూడా కామా దగ్గర గొంతు ఎంతసేపు ఆగాలో దిద్దారని తేలింది. వారి సతీమణిని ఎవరో ఫోన్లో అభినందిస్తే, “మా ఆయనేనా? టీవీ రిమోట్‌లో బ్యాటరీలు తిరగేసి పెట్టే మనిషండీ!” అన్నారు. మహాపురుషుల ఇళ్ళలో వారిని అర్థం చేసుకునేవారు తక్కువ.

ఆ సాయంత్రం అక్కయ్య తన పేజీ తెరిచింది. ‘ఈ సభ్యురాలు ఇంతవరకు ఏ పనీ చేయలేదు’ అని ఉంది.

వెనకే నిలబడిన అత్తగారు కళ్ళజోడు సవరించుకుని చదివారు. “అప్పుడే అన్నానా లేదా? రోజంతా ఆ డబ్బా ముందు ఏం చేస్తున్నావే అంటే పని అత్తయ్యా అనేదానివి. ఇదిగో, డబ్బానే చెప్తోంది!” అన్నారు. అని వంటింట్లోకి వెళ్ళి, అడక్కుండానే టీ పెట్టి తెచ్చి కోడలి పక్కన పెట్టారు.

అక్కయ్య సంఘానికి అర్జీ పెట్టుకుంది. సంఘం ఎప్పుడూ అర్జీలను చిన్నచూపు చూడలేదు. వెంటనే ‘కర్తృత్వ సవరణ ఉపసంఘం’ ఏర్పడింది. తప్పు ఎవరి పేరున జరిగిందో వారికే ఆ విషయం బాగా తెలుస్తుంది గనుక అధ్యక్షుల వారే దానికీ అధ్యక్షులయ్యారు. అర్జీదారు తానే తానని నిరూపించుకోవాలని తీర్మానించి, ఆమె పాత ఈమెయిలుకు ఒక రహస్య సంఖ్య పంపారు. ఆ పాత ఈమెయిలు పాత సర్వరుతోపాటు పోయింది. సంఖ్య వచ్చిందా అని అడుగుతూ కార్యదర్శి గారు మరో ఉత్తరం పంపారు, అదే ఈమెయిలుకు.

“కార్యదర్శి గారూ, నన్ను రోజూ చూస్తున్నారు కదండీ. నిన్న మీ పక్క కుర్చీలోనే కూర్చున్నాను,” అంది అక్కయ్య.

“మనిషిగా నువ్వు నాకు తెలుసమ్మా. అర్జీదారుగా తెలియదు,” అన్నారాయన ఎంతో ఆప్యాయంగా.

‘గొంతు’ను మొదటినుంచీ వాడుతున్న ఒక టెలిఫోన్ ఆపరేటరు గారికి చూపు లేదు. ఈ గొడవ తెలిసి తానే ఫోన్ చేశారు. “పేరు ఎవరిది పెట్టుకుంటే ఏంటమ్మా, ఆ పలుకు తీరు నీదని నాకు తెలీదా? నేనొచ్చి సాక్ష్యం చెప్తాను,” అన్నారు. చెప్పినట్టే బస్సెక్కి వచ్చారు. ఉపసంఘం ఆయనకు కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, ప్రత్యక్ష సాక్షి కాదన్న కారణంతో తిప్పి పంపింది.

చివరికి అధ్యక్షుల వారు తమ వైఖరిని సభలో స్పష్టం చేశారు. “ఈ కీర్తిని నేను అడిగానా? అడగలేదు. యంత్రం ఇచ్చింది. యంత్రానికి కులం లేదు, మతం లేదు, మొహమాటం లేదు. అటువంటి నిష్పాక్షికమైన యంత్రం నిర్ణయాన్ని కాదనడానికి నేనెవరిని? ఒకసారి నమోదైన చరిత్రను తిరగరాయడం మన సంస్కారం కాదు!” సభ ఆయన నిరాడంబరతకు చలించిపోయింది. ఆ ఊపులోనే ఒక సాంస్కృతిక సంస్థ ఆయనకు ‘ఏకవ్యక్తి మహాకృషి’ పురస్కారం ప్రకటించింది.

పురస్కారం అందుకున్నాక, అంత పెద్ద ప్రోగ్రామును రాసినవారు శ్రోతలతో నాలుగు మాటలైనా చెప్పకపోతే బాగుండదని ఆయనకు తోచింది. తన ప్రసంగాన్ని కార్యదర్శి గారి చేత, తన పేరుతోనే, ‘గొంతు’లో అమర్పించారు. ఇక ఎవరు ఎప్పుడు ‘గొంతు’ను తెరిచినా ముందు ఆ ప్రసంగం వినిపించాలి, అది పూర్తయ్యేదాకా మరో అక్షరం చదవకూడదు. ప్రసంగం ఇలా మొదలయ్యేది: “నా చిన్నతనంలో నాకు కళ్ళు రెండూ బాగానే ఉన్నప్పటికీ, చూపు లేనివారి బాధను నేను కళ్ళారా చూశాను...”

మర్నాటినుంచి సంఘం ఫోను మోగడం ఆపలేదు.

“కరెంటు బిల్లుకి గడువు ఈ పూటేనండీ! ఎంతో చదవమంటే మీ అధ్యక్షుడు నా జీవిత లక్ష్యం ఏంటని అడుగుతున్నాడు!” అన్నారొకరు.

“మా ఆవిడ మెసేజ్ పెట్టింది. తిట్టిందో పిలిచిందో తెలియాలంటే ఈయన బాల్యమంతా వినాలా?” అన్నారు టెలిఫోన్ ఆపరేటరు గారు. “అసలు దీన్ని ఇందులో రాసిపెట్టిన పుణ్యాత్ముడెవరో పేరు చెప్పండి, పత్రికలకి ఎక్కిస్తాం.”

రాసినవారి పేరు ప్రసంగం పక్కనే, కొత్త సర్వరు మీద, లోకమంతా చూసేలా ఉంది. ఎవరి శ్రమ వారి పేరున ఉండటమే న్యాయమన్న సత్యం ఆ క్షణంలో అధ్యక్షుల వారి మనసుకు తట్టింది. అత్యవసర సమావేశం పెట్టి, “చరిత్రలో దొర్లిన తప్పును సరిదిద్దడంకన్నా గొప్ప సంస్కారం ఏముంది?” అని ప్రశ్నించారు. ఉపసంఘం కంటతడి పెట్టింది. కార్యదర్శి గారు ఉన్న ఒక్క అర్జీనీ బయటికి తీసి, అధ్యక్షుల వారి పేరు ఎక్కడెక్కడ కనిపిస్తే అక్కడల్లా అక్కయ్య పేరు పెట్టేశారు. వారాల తరబడి సాగిన వ్యవహారం తుమ్మినంతలో తేలిపోయింది.

కబురు విని అక్కయ్య పరుగున వచ్చింది.

“ఇదేం సవరణండీ? మిగతావాళ్ళందరి పనీ నా పేరున ఎక్కించేశారు! ఆ దిక్కుమాలిన ప్రసంగం కూడా నేనే రాసినట్టుంది!”

“అమ్మాయ్, అడిగింది ఇవ్వకపోతే బాధపడ్డావు, సరే. అడిగినదానికన్నా ఎక్కువిచ్చినా బాధేనా?” అన్నారు అధ్యక్షుల వారు నొచ్చుకుంటూ. సవరణకు సవరణ కావాలంటే కొత్త ఉపసంఘం వేయాలని కార్యదర్శి గారు గుర్తుచేశారు.

ఇంటర్వ్యూ మర్నాడే. అక్కయ్య ఇంటికి వెళ్ళి, ఎవరు ఏ భాగం రాశారో ఒక్కొక్కరి పేరూ తలుచుకుని పేజీ పైభాగాన వివరంగా రాసింది. ప్రసంగం తనది కాదని కూడా రాసింది. పైభాగాన రాసినవి ఎవరూ చదవరని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

కంపెనీలో ముగ్గురు పెద్దమనుషులు ఆమె పేజీని గోడ మీది తెరపై తెరిచి పెట్టుకున్నారు. ‘ళ’ పలికించిన కోడ్‌ను ఆగకుండా దాటిపోయారు. వాక్యం మధ్యలో ఊపిరి తీసుకోవడం ‘గొంతు’కు నేర్పిన కోడ్‌నూ దాటిపోయారు. ప్రసంగం దగ్గర ఆగారు. చివరిదాకా విన్నారు. నడుమ కూర్చున్నాయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

“అద్భుతమమ్మా. ఏమీ చెప్పకుండా ఇంతసేపు చెప్పడం అందరికీ చేతకాదు. ఇటువంటివారి కోసమే మా డైరెక్టరు గారు చాలాకాలంగా చూస్తున్నారు.”

“అది నేను రాయలేదండీ. నేను రాసింది మిగతాది,” అంది అక్కయ్య.

ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. “చూశారా, రాసి కూడా నాది కాదంటోంది! ఈ పనికి కావలసిన మొదటి లక్షణం అదే,” అన్నారు కుడివైపు ఆయన. నియామకపు ఉత్తర్వు అక్కడికక్కడే చేతికిచ్చారు.

అక్కయ్య ఇప్పుడు ఆ కంపెనీలోనే పనిచేస్తోంది. కోడ్ రాసే హాల్లో కాదు. డైరెక్టరు గారి గది పక్కన, అద్దాల తలుపు వెనక. ఆయన ఎక్కడ ఏం మాట్లాడాలన్నా ఆమే రాస్తుంది. రాసిన ప్రతిదాని కిందా ఆయన పేరే ఉంటుంది. ఈ విషయమై ఎవరూ అర్జీ పెట్టలేదు, ఏ ఉపసంఘమూ కూర్చోలేదు, ఇందులో దిద్దవలసింది ఉందని ఎవరికీ తోచలేదు. దీన్ని ఉద్యోగం అంటారు.

మొన్న టౌన్‌హాల్లో ‘శ్రమకు తగిన గుర్తింపు’ అనే అంశం మీద డైరెక్టరు గారు చేసిన ప్రసంగం అందరినీ కదిలించింది. ముందు వరసలో లేచి నిలబడి, కళ్ళు తుడుచుకుంటూ ఆయనకు చప్పట్లు కొట్టిన మిమ్మల్ని మేము గుర్తుపట్టాము.