బుచ్చిబాబుగారి బాడీ

ఆ ఉదయం వీరవెంకటరమణ పెట్టుకున్న పని ఒక్కటే. చెరువు దగ్గరికి వెళ్ళి, వల విసిరించి, చేప ఎంత బరువుకు వచ్చిందో చూసుకోవాలి. చేపల పట్టుబడికి ఇంకా పది రోజులుంది. దెందులూరుకు దక్షిణాన, కొల్లేటి వైపున్న ఆ ఊళ్ళో నాలుగెకరాల చెరువున్నవాడికి ఆ పది రోజులూ కంటి మీద కునుకుండదు. మబ్బు పట్టినా భయమే, పట్టకపోయినా భయమే. చద్దన్నం తిని, చెప్పులేసుకుని గుమ్మం దిగబోతుంటే ఎదురుగా పాపాయమ్మ వచ్చింది.

పాపాయమ్మ ఆయన మేనత్త. ఎనభైకి దగ్గర పడింది. పక్క వీధిలో రమణ అన్నగారు బుచ్చిబాబు ఇంట్లో ఉంటుంది. తొమ్మిదేళ్ళుగా ఆ ఇంటివాళ్ళు ఈ ఇంటికి రాలేదు, వీళ్ళు అక్కడికి వెళ్ళలేదు. రమణ తన వరిచేను తవ్వించి చేపల చెరువు చేసిన ఏడాది మొదలైంది ఆ గొడవ. చెరువు ఊట దిగి, పక్కనే ఉన్న అన్నగారి చేలో గట్టు వార అరెకరం ఏటా కుళ్ళిపోయేది. బుచ్చిబాబు రెండుసార్లు వచ్చి మంచిగా అడిగాడు. మూడోసారి వచ్చినప్పుడు రమణ, నీ నేల పల్లం, దానికి నేనేం చెయ్యనన్నాడు. అన్నగారు మారు మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. తిట్టుకోలేదు, కొట్టుకోలేదు, కోర్టుకెక్కలేదు. మాటలు మాత్రం ఆగిపోయాయి.

అలాంటిది ఆవిడ కాళ్ళకు చెప్పుల్లేకుండా, చేతిలో బటన్ల ఫోను పట్టుకుని వచ్చింది.

"ఒరేయ్ రమణా, తాడేపల్లిగూడెం నించి ఎవరో ఫోను చేశార్రా. బుచ్చిబాబుగారి బాడీ రెడీగా ఉందంట. వచ్చి తీసుకెళ్ళిపోమన్నారు" అని అరుగు మీద కూలబడింది.

బతికున్నంతకాలం మనిషికి ఒళ్ళుంటుంది. పోయాకే అది బాడీ అవుతుంది. ఆ సంగతి ఆ ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలుసు. అన్నగారు పొద్దున్నే ఏలూరు వెళ్ళాడని రమణకు తెలుసు. జిల్లా ధాన్యం రైతుల సంఘానికి ముందురోజు ఎన్నికలు జరిగాయి. ఇవాళ లెక్కింపు. అన్నగారితో కలిపి ఊరి నించి పోటీ చేసిన నలుగురూ, వాళ్ళను పోటీకి దింపిన నరసరాజూ ఒకే కారులో వెళ్ళారు. ఇంట్లో వదినగారు కూడా లేదు. కూతురు ఇందుజ పురుడని ఉండి అనే ఊరు వెళ్ళి నెలయింది. ఇంట్లో మిగిలింది ఈ ముసలావిడ, ఆ ఫోను.

రమణ అన్నగారి నంబరుకు చేశాడు. స్విచ్చాఫ్. తొమ్మిదేళ్ళలో అన్నకు ఆయన చేసిన మొదటి ఫోను అదే. పాపాయమ్మ ఫోను తీసుకుని, ఆ గూడెం నంబరుకే తిరిగి కొట్టాడు. అవతల ఎవరో వరదానమట, మర్యాదస్థుడిలాగే ఉన్నాడు.

"బుచ్చిబాబుగారి బాడీ మీ దగ్గర ఉందాండి?"

"ఉందండి. మా షెడ్డులోనే ఉంది. మీరెవరండి?"

"తమ్ముణ్ణి."

"పొద్దున్నే పనంతా అయిపోయిందండి. నాలుగింటిలోపు తీసుకెళ్ళిపోతే బాగుంటుంది. ఇంకో మూడు బాడీలున్నాయి, స్థలం చాలట్లేదండి."

దెబ్బలేమన్నా తగిలాయా అని రమణ అడిగాడు.

"ఎడంపక్క చిన్నదుందండి. సర్దేశాం. చూస్తే తెలీదు" అన్నాడు వరదానం. అతని వెనకాల ఏదో యంత్రం కీచుమంటూ దేన్నో కోస్తోంది. దేన్ని కోస్తోందో ఊహించుకోగానే రమణ ఫోను పెట్టేశాడు.

ఏలూరు వెళ్ళినవాడు గూడెంలో ఎందుకు తేలాడన్న అనుమానం ఆయనకు రాకపోలేదు. అందుకే నరసరాజుకు చేశాడు. నరసరాజు చాలాసేపటికి ఎత్తాడు. గొంతు పూర్తిగా నీరుగారిపోయి ఉంది.

"నరసరాజుగారూ, అన్నయ్య..."

"ఏం చెప్పమంటారండి. పోయారు. నిలబడ్డవాళ్ళు నలుగురూ పోయారండి."

"నలుగురూనా?"

"ఒక్కరు కూడా మిగల్లేదండి. ఇంత ఘోరం నా జన్మలో చూళ్ళేదు."

"మరి మీకేం కాలేదా?"

"నేనీసారి నిలబడలేదు కదండి. బతికిపోయాను. పాపం, ఆ నలుగుర్నీ నిలబెట్టింది నేనే. తప్పంతా నాదేనండి" అని నరసరాజు ముక్కు చీదుకున్నాడు.

అన్నగారిదొకటి, ఇంకో మూడు. లెక్క సరిపోయింది. కారులో నిలబడటమేమిటో రమణ ఆలోచించలేదు. ఆ స్థితిలో ఎవరూ ఆలోచించరు. ఆయన తలుపుకు ఆనుకుని ఏడ్చాడు. భార్య లక్ష్మీకాంతమ్మ ఆయన భుజం మీద చెయ్యి వేసి, తనూ ఏడ్చింది. ఆవిడ తొమ్మిదేళ్ళ నించీ, మీరే ఒక మెట్టు దిగి వెళ్ళి మాట్లాడండని పోరుతూనే ఉంది. ఇవాళ ఆ మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే ఆయనకు ఇంత బాధ ఉండేది కాదు.

పది గంటలయ్యేసరికి కబురు మిగతా మూడిళ్ళకూ పాకింది. ఒకరి తర్వాత ఒకరు నరసరాజుకు ఫోను చేసి, మావాడు పోయాడా అని అడగడం, ఆయన పోయాడండి అనడం. నాలుగో ఫోనుకు పాపం ఆయన సిగ్గుతో ఫోను కట్టేశాడు. దాంతో అడగడానికి మనిషి లేకుండా పోయాడు. ఊళ్ళో షామియానాలు రెండే ఉన్నాయి. మిగతా రెండింటి కోసం దెందులూరుకు మనిషిని పంపారు. కోతకొచ్చిన కూలీలు కొడవళ్ళు గట్టున పెట్టి వచ్చేశారు. ఉండికి ఫోను చేసి వదినగారికి చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. పచ్చి బాలింత ఉన్న ఇల్లు, బాడీ వచ్చాకే చెబుదామనుకున్నారు. ఆ రోజంతటి మీద ఊరు చేసిన మంచిపని అదొక్కటే.

రమణ మాత్రం అరుగు మీద కూర్చుని ఇంకేదో ఆలోచిస్తున్నాడు. అన్నగారు పోతూ పోతూ కూడా ఆ చెరువును చూసుకుంటూనే పోయి ఉంటాడు. ఏలూరు వెళ్ళే దారి దాని గట్టు పక్కనే. చెరువు కాపలా ఉండే సత్యవేదాన్ని పిలిపించాడు. నలభై దాటిన మనిషి, ఏ పనైనా ఒకటికి రెండుసార్లు అడిగి చేస్తాడు.

"తూము పలకలు తీసెయ్, సత్యవేదం. నేను అన్నయ్యను తీసుకొచ్చేసరికి ఆ చెరువులో చుక్క నీరు ఉండకూడదు."

"పట్టుబడికి పది రోజులే ఉందండి" అన్నాడు సత్యవేదం.

"చేపల మాటెత్తకు."

"మురుగుకాలవ నిండా గుర్రపుడెక్క ఉందండి. నీళ్ళు లాగదేమోనండి."

"చెప్పింది చెయ్యి."

సత్యవేదం తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. రమణకు గుండెలో బరువు కొంత దిగినట్టయింది. పోయినవాడికి ఆ మాత్రమైనా చెయ్యగలిగాననుకున్నాడు.

ఏలూరు నించి అంబులెన్సు మాట్లాడుకున్నారు. దాని డ్రైవరు కృష్ణచైతన్య ఇలాంటివి చాలా చూసినవాడు, అనవసరంగా మాట్లాడడు. దారిలో ఒక చోట ఆపి బంతిపూల దండ, తెల్లటి బట్ట కొనిపించాడు. గూడెం వెళ్ళేదాకా రమణ అద్దంలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. చిన్నప్పుడు అన్నగారు సైకిలు వెనక కూర్చోబెట్టుకుని గూడెం తీసుకెళ్ళి బూట్లు కొనిపెట్టాడు. అవి అన్నగారు తన బూట్ల కోసం దాచుకున్న డబ్బులతో కొన్నవని రమణకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. ఇన్నాళ్ళూ అది గుర్తు రాలేదెందుకో అర్థం కాలేదు. అరెకరం ఊట గుర్తుంది, నీ నేల పల్లం అన్న తన మాట గుర్తుంది, బూట్లు మాత్రం గుర్తు లేవు.

వరదానం చెప్పిన చోటు హైవే పక్కన ఉంది. ఆస్పత్రి జాడ ఎక్కడా లేదు. పెద్ద రేకుల షెడ్డు, లోపల నిప్పురవ్వలు, కోసిన ఇనుము వాసన. అంబులెన్సు చూసి వెల్డింగు చేసేవాళ్ళు కళ్ళద్దాలు పైకెత్తారు. కళ్ళజోడు తుడుచుకుంటూ వరదానం ఎదురొచ్చాడు.

"తమ్ముడుగారేనాండి? రండి రండి. మీ అన్నయ్యగారు చాలా ముచ్చటపడి చేయించుకున్నారు. పూర్తయ్యేదాకా ఇంట్లో ఎవరికీ చెప్పొద్దన్నారు. దిష్టి తగుల్తుందని."

రమణకు ఆ మాటలేవీ చెవికెక్కలేదు. ఎక్కడున్నాడని అడిగాడు. వరదానం మూల కప్పి ఉన్న టార్పాలిను దగ్గరికి తీసుకెళ్ళాడు. అది మనిషికి సరిపడే దానికన్నా చాలా పెద్దదిగా ఉంది. వరదానం ఒక్క లాగున పట్టా లాగేశాడు. రమణ కళ్ళు మూసుకున్నాడు.

తెరిచేసరికి ఎదురుగా చిన్న లారీ. కొత్త ఇంజను, కొత్త టైర్లు, వెనక ఆకుపచ్చ రంగు వేసిన చెక్క బాడీ. ధాన్యం బస్తాలు తోలుకోవడానికి కట్టించింది. పక్కనే ఇంకో మూడు లారీలు, వాటి బాడీలతో సహా.

"ఎడంపక్క అన్నది ఇదేనండి. ఇనప చట్రానికి వెల్డింగు చేస్తుంటే చిన్న సొట్ట పడింది. వేలు పెట్టి చూడండి, ఏమన్నా తెలుస్తోందా?" అన్నాడు వరదానం.

రమణ వేలు పెట్టి చూశాడు. ఏమీ తెలియలేదు. ఆ చెక్కను రెండు చేతులతో పట్టుకుని, అలాగే కిందికి జారి, నేల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు. సరుకు నచ్చిన ఖాతాదారులను వరదానం చాలామందిని చూశాడు కానీ ఇంతగా నచ్చినవాణ్ణి చూడలేదు. కృష్ణచైతన్య సంగతి గ్రహించి, వరదానానికి నాలుగు మాటల్లో చెప్పాడు. వరదానం హతాశుడై, ఇరవై ఏళ్ళుగా ఇలాగే ఫోన్లు చేస్తున్నానని అన్నాడు. కొన్న దండను ఏం చెయ్యాలో తోచక లారీ ముందు భాగానికి వేశారు. కొత్త బండే కాబట్టి తప్పులేదన్నారు అందరూ.

రమణ కళ్ళు తుడుచుకుని ఇంటికి ఫోను చేశాడు. అన్నయ్య బతికే ఉన్నాడే అని చెప్పబోయేలోపు లక్ష్మీకాంతమ్మే అందుకుంది.

"ఏవండీ, బావగారొచ్చేశారండి. నలుగురూ వచ్చేశారు. పోయింది ఎన్నికల్లోనటండి. లెక్కింపు గదిలోకి వెళ్ళేముందు పోటీదారుల ఫోన్లు తీసేసుకున్నారట. ఆయన కారు దిగి, షామియానా చూసి, ఎవరు పోయారని అడిగారు. ఎవరూ చెప్పలేకపోయాం. పాపాయమ్మ అత్తయ్యగారు స్పృహ తప్పితే మొహాన నీళ్ళు కొట్టాం. ఇప్పుడు బాగానే ఉన్నారు."

రమణ నవ్వాడు. పొద్దుట నించీ అదే మొదటి నవ్వు. అవతల ఆవిడ మాత్రం నవ్వలేదు.

"ఏవండీ, మీరు త్వరగా రండి. తూము దగ్గర గట్టు తెగిందండి."

పాత తూము, పలకలు తీయగానే నీటి ఉరవడికి పక్కనున్న మట్టి కోసుకుపోయింది. సత్యవేదం బస్తాలు వేసి ఆపబోయాడు, ఆగలేదు. మురుగుకాలవకు గుర్రపుడెక్క అడ్డం. నీటికి పల్లం ఎటుందో అటే వెళ్ళింది. కోత మెషీను దిగితే నేల పాడవుతుందని బుచ్చిబాబు అక్కడున్న తన ఐదెకరాల వరీ కూలీలతో కోయించాడు. కోసి పరిచిన పనలు ఆరుతున్నాయి. ఇవాళో రేపో కుప్ప వేయించాలి.

రమణ చేరేసరికి సాయంత్రమైంది. ఐదెకరాల దాళ్వా వరి పంటా నీళ్ళ మీద తేలుతోంది. పనల మధ్య కట్ల, శీలావతి చేపలు ఎగిరి ఎగిరి పడుతున్నాయి. అటు చెరువులో అడుగున బురద మిగిలింది. బుచ్చిబాబు గట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఎన్నికల బ్యాడ్జీ ఇంకా చొక్కాకే ఉంది. రమణ వెళ్ళి రెండడుగుల దూరంలో నిలబడ్డాడు.

"నేను పోయానని ఏడ్చావంట" అన్నాడు బుచ్చిబాబు, నీళ్ళ వైపే చూస్తూ.

"ఏడ్చానన్నయ్యా."

"ఏడిస్తే ఏడ్చావు. తూమెందుకు తీశావురా?"

పొద్దున దుఃఖంలో రమణకు ఎంతో సబబుగా తోచిన పని, ఇప్పుడు చెబుదామంటే నోటికి రాలేదు.

"నీ మనసు శాంతిస్తుందనుకున్నాను" అన్నాడు చివరికి.

బుచ్చిబాబు నీళ్ళలో తేలుతున్న పన ఒకటి గట్టు మీదికి లాగాడు. "నీ ఊట తొమ్మిదేళ్ళూ అరెకరమే తినేది. నీ ప్రేమ ఒక్కపూటలో ఐదెకరాలూ తినేసింది" అని, కాస్త పక్కకు జరిగాడు. రమణ ఆ జాగాలో కూర్చున్నాడు.

పరామర్శకు వచ్చిన జనం అప్పటికే పంచెలు ఎగగట్టి చేలోకి దిగారు. గంపలు కొన్ని, బిందెలు కొన్ని, షామియానా గుడ్డొకటి. వదిలేస్తే చచ్చి కంపు కొడతాయండి, అని అన్నదమ్ములకు మర్యాదగా చెప్పి మరీ పట్టుకున్నారు.

ఆ పూట ఊరంతా చేపల పులుసు ఘుమఘుమలు. పొయ్యి వెలగనివి ఆ రెండిళ్ళే.