కుక్కల వరసలో గులాబీ

ఆశీర్వాదం చవకైపోయిందని వాపోయేవాళ్లను నేను క్షమించను. చవకైతేనే మనకు లాభం.

మేం ఇంగ్లీషువాళ్లం ఆశీర్వదించడాన్ని ‘బ్లెస్’ అంటాం. ఆ మాట నెత్తురు అనే మాటలోంచి పుట్టిందని పండితులు చెబుతారు. చర్చిలు రాకముందు మా పూర్వీకులు పశువును కోసి, నెత్తురు చల్లితేనే రాయి పవిత్రమయ్యేదట. ఒక్క రాయికి ఒక ఎద్దు! అంత ఖరీదైతే ఎన్నింటిని పవిత్రం చేయగలరు? పాపం, కాఫీ మిషన్ దాకా రాలేకపోయారు.

మా చర్చి గురువు హిలరీ గారికి ఆ ఇబ్బంది లేదు. ఆవిడ చేతిలో నీళ్లుంటే చాలు. జనవరిలో నాగలిని ఆశీర్వదించారు. తర్వాత కాఫీ మిషన్‌ను, కారు ఛార్జర్‌ను, చర్చి ముందు స్పీడ్ బ్రేకర్‌ను. దాని మీద ఎగిరిపడ్డ ప్రతివాడూ ఇప్పుడు దేవుణ్ణి తలుచుకుంటున్నాడు. భక్తి అంటే మరేమిటి?

మా ఆవిడ ఎనిడ్ పోయింది. ఆమె కుండీలో పెంచిన తెల్ల గులాబీని సమాధి దగ్గర ఉంచుతానన్నాను. చర్చి వ్యవహారాలు చూసే కత్‌బర్ట్ అడ్డుపడ్డాడు.

“అది పవిత్రమైన నేల, సెడ్రిక్. అక్కడ ఏది పెట్టాలన్నా, తీయాలన్నా బిషప్ గారి ఆఫీసు ఒప్పుకోవాలి.”

“మీ కుక్క రోజూ అక్కడే కాలెత్తుతోందిగా?”

“అది పెట్టి వెళ్లేదేమీ లేదులేవయ్యా.”

అర్జీ పెట్టాను. కమిటీ కూర్చుంది. ఇంకా లేవలేదు.

ఇంతలో అక్టోబరు వచ్చింది. ఏటా ఆ నెలలో మా చర్చిలో పెంపుడు జంతువులకు ఆశీర్వాదం. కుక్కలు, ఒక తాబేలు, బుట్టలో కోడి. కత్‌బర్ట్ కుక్క వెనక నేను, కుండీతో.

“సెడ్రిక్ గారూ, ఇది జంతువు కాదేమో,” అన్నారు హిలరీ గారు.

“నీళ్లు తాగుతుందండీ. కరుస్తుంది కూడా.”

ఆవిడ నవ్వి నీళ్లు చల్లారు. కుండీని తిన్నగా ఎనిడ్ దగ్గరికి తీసుకెళ్లి పెట్టాను. కత్‌బర్ట్ పరుగున వచ్చాడు.

“తీసెయ్ దాన్ని.”

“పవిత్రమైంది. తీయాలంటే నువ్వు అర్జీ పెట్టుకో.”

పెట్టుకున్నాడు. అది నా అర్జీ కింద ఉందట.

అందుకే చెబుతున్నాను. భార్య సమాధి దగ్గర పువ్వు పెట్టుకోవాలంటే మనుషుల వరసలో నిలబడకండి. కుక్కల వరసలో నిలబడండి. అక్కడ ఎవరూ అనుమతి అడగరు.