నలభై మూడు కాలమ్‌ల పట్టిక

వెబ్‌సైట్ తయారుచేయడం తొందరపాటు మనుషులు చేసే పని. తెలివైనవాళ్ళు దాన్ని ఏ సాఫ్ట్‌వేర్‌తో తయారుచేయాలో పోల్చి చూస్తారు. అక్కడితో ఆగుతారు!

నవ్వకండి, సీరియస్‌గానే చెబుతున్నాను. సైట్‌లో రాతల్ని, బొమ్మల్ని సర్దిపెట్టే సాఫ్ట్‌వేర్‌ని సీఎంఎస్ అంటారు. అవి బజారులో చెప్పుల జతలకన్నా ఎక్కువున్నాయి. ఒకటి ఎంచుకున్నారంటే మిగతావన్నీ చేజారినట్టేగా? పోలుస్తూ ఉన్నంతకాలం అన్నీ మీవే! ఈ సుఖం సైట్ కట్టేసినవాడికి ఎక్కడిది?

ఇందుకు మా బావగారే సాక్షి. ఆయన ఓ పెద్దాఫీసులో కొనుగోళ్ళ విభాగంలో ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేసి రిటైరయ్యారు. మూడు కొటేషన్లు, ఒక కంపారిటివ్ స్టేట్‌మెంట్ లేకుండా గుండుసూది కూడా కొనని మనిషి. గుమాస్తాల కుర్చీల కోసం ఆయన వేసిన పట్టిక గురించి ఆ ఆఫీసులో ఇప్పటికీ చెప్పుకుంటారు. అది పూర్తయ్యేసరికి గుమాస్తాలు రిటైరయ్యారు. ఒక్క కుర్చీ కూడా విరగలేదు! చూశారా లాభం?

మా అక్కది జిప్పులు బాగుచేసే షాపు. సూట్‌కేసు నోరు మూయకపోయినా, ప్యాంటు జిప్పు పరువు తీసినా, బూటు జిప్పు సగంలో మొరాయించినా జనం అక్క దగ్గరికే పరిగెత్తేవారు. రన్నర్ మార్చి, పళ్ళ మీద కొవ్వొత్తి ముక్క రుద్ది, రెండు నిమిషాల్లో చేతిలో పెట్టేది. మెయిన్ రోడ్డు మీది ఆ బిల్డింగును కూలగొట్టడంతో షాపుని వెనక సందులో రెండో అంతస్తుకు మార్చింది. పాత చోట ఇప్పుడు రేకుల కంచె. దానికి అక్క అంటించిన కాగితాల్ని సినిమా పోస్టర్లు మింగేసేవి. ఏడాదిన్నరలోగా పాత కస్టమర్లు దారి కనుక్కోకపోతే, షాపు ఎత్తేసి సూట్‌కేసుల ఫ్యాక్టరీలో చేరడమే గతి.

"జనం ఏదైనా ఫోన్‌లోనే వెతుకుతున్నారట. నాకో చిన్న వెబ్‌సైట్ చేసిపెట్టండి," అంది అక్క.

"చేద్దాం. ముందు పోల్చి చూద్దాం," అన్నారు బావ. రిటైరయ్యాక ఆయన మొహంలో అంత కళ చూడడం అదే మొదలు.

మూడింటితో మొదలుపెట్టారు. మూడు పన్నెండయ్యాయి, పన్నెండు అరవై నాలుగయ్యాయి. ఒకదాంట్లో రెండువేలమంది ఒకేసారి రాయొచ్చు. అక్క షాపులో ఉన్నది అక్క ఒక్కతే. అయినా రేపు రెండువేలమంది వస్తే? ముందుచూపు ఉండొద్దా! ఇంకోటి, ఎవడైనా సైట్ మీద దాడి చేస్తే అర నిమిషంలో లేచి కూర్చుంటుంది. జిప్పుల షాపు మీద ఎవడు దాడి చేస్తాడనుకోకండి, చేస్తాడు! నేను మాత్రం ఊరుకున్నానా? "బావా, మంచు ప్రాంతాల్లో పనిచేస్తుందో లేదో చూశారా?" అని ఒక కాలమ్ కలిపించాను. "శభాష్ బావమరిదీ!" అన్నారాయన. ఆ రోజంతా నా కాళ్ళు నేల మీద ఆనలేదు.

ఓ రోజు అక్క కంచె పక్కనుంచి వెళుతుంటే, బ్యాండులో బాకా ఊదే ఆయన కనిపించాడు. జిప్పు పోయిన బాకా సంచీని తాడుతో కట్టి చంకలో పెట్టుకుని రేకుల వైపు చూస్తున్నాడు. అక్కని చూసి రెండడుగులు వెనక్కి వేశాడు.

"మీరు పోయారన్నారు కదమ్మా!"

"బిల్డింగు పోయిందండీ, నేనున్నాను."

ఇంటికొచ్చి ఈ సంగతి చెప్పింది. బావ శ్రద్ధగా విని, 'మనిషి బతికున్నట్టు చూపించే సదుపాయం' అని కొత్త కాలమ్ గీశారు.

కాలమ్‌లు నలభై మూడయ్యేసరికి పట్టిక కంప్యూటర్ తెరలో పట్టలేదు. ప్రింటు తీస్తే హాల్లోంచి వంటగది దాకా పరుచుకుంది. అక్క పొద్దున్నే దాన్ని దాటుకుంటూ షాపుకు వెళ్ళేది, మధ్యాహ్నానికే దాటుకుంటూ తిరిగొచ్చేది. ఇంత తొందరగా వచ్చావేమని మేం అడగలేదు. పట్టికని తొక్కుతుందేమోనని చూస్తూ ఉండేవాళ్ళం.

ఇంత పట్టికని ఎక్కడ పెట్టాలి? దానికో వెబ్‌సైట్ కావాలి! బావ ఒక్క పూటలో చేసేశారు. ఏ సాఫ్ట్‌వేర్‌తో? చేతికందిన దాంతో! పోల్చలేదేం అని అడిగితే, "ఇది తాత్కాలికమేనోయ్," అన్నారు. ఆ తాత్కాలికాన్ని రోజుకు నాలుగువేలమంది చూసేవారు. వాళ్ళలో ఎంతమంది సైట్లు కట్టారో తెలియదు. ఎవరూ కట్టి ఉండరనే నా ఆశ.

"దాని అడుగున నా షాపు గురించి ఒక ముక్క రాయకూడదా?" అంది అక్క.

బావ చెంపలు వేసుకున్నంత పని చేశారు. "సొంత మనిషి గురించి రాస్తే పోలిక మీద జనానికి నమ్మకం పోదూ?"

అక్క చేతిసంచీ జిప్పు సర్రున లాగి, షాపుకు వెళ్ళిపోయింది.

పదిహేనో నెలలో పట్టిక పూర్తయింది. ఒక్క కాలమే మిగిలింది: సైట్‌లో ఏం రాయాలి? బావ కళ్ళజోడు సర్దుకుని, పెన్ను పట్టుకుని అక్క ముందు కూర్చున్నారు.

"ఇంతకీ ఏం రాయమంటావు?"

"షాపు వెనక సందులోకి మారింది, రెండో అంతస్తుకి రండి అని. అంతే," అంది అక్క. "కానీ ఇప్పుడు అదక్కర్లేదు. మూసేశామని రాయండి. సోమవారం నుంచి ఫ్యాక్టరీకి వెళ్తున్నాను."

బావ పెన్ను కాగితం మీదే ఆగిపోయింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని, "అయితే అవసరం మారిందన్నమాట," అన్నారు. "మళ్ళీ మొదటినుంచి పోల్చాలి."

పాఠకులారా, పోల్చి చూడడంలోని గొప్పదనం గురించి ఇంకా చాలా రాద్దామనుకున్నాను. కానీ ఆ ఆదివారం, కుట్టుమిషను కిందికి దించాలి రారా అని అక్క పిలిస్తే వెళ్ళాను. సందు మొదట్లో ఎటు తిరగాలో తెలియక ఆమెకే ఫోన్ చేశాను. ఒకే ఊళ్ళో ఉంటూ ఈ పదిహేను నెలల్లో నేను అక్క షాపుకు వెళ్ళడం అదే మొదటిసారి.